పనిలోకి దిగితే తగ్గే నడుం నొప్పి

కోనసీమలోని అల్లవరం మండలంలో నడుం నొప్పి ఎరగని ఇల్లు దొరకడం కష్టం. ఊడ్పుల్లో పొద్దస్తమానం వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు, కొబ్బరి దింపులు తీసేవాళ్ళు, పాతిన గునపం మీద కాయను పొడిచి ఒలిచేవాళ్ళు, రొయ్యల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసేవాళ్ళు, ఓడలరేవు తీరంలో వల లాగేవాళ్ళు... వీళ్ళందరి బతుకూ నడుం మీదే నడుస్తోంది. అందుకే నొప్పి వచ్చినప్పుడు కారణం కోసం ఎవరూ వెతుక్కోరు. పని ఎక్కువైందంటారు, రెండు రోజులు నడుం వాలుస్తారు, మందుల షాపులో నాలుగు బిళ్ళలు తెచ్చుకుంటారు. చాలామందికి దాంతో తగ్గిపోతుంది కూడా. వెన్నుకూ దాని చుట్టూ ఉన్న కండరాలకూ పడిన శ్రమ వల్ల వచ్చే నొప్పి తీరే అంత. పనితో పెరుగుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది.

దీనికి సరిగ్గా తలకిందులుగా నడిచే నొప్పి ఇంకొకటి ఉంది. ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాడనుకుందాం. బరువు ఎత్తింది లేదు, చెట్టు మీంచి పడింది లేదు. ఎప్పుడు మొదలైందంటే చెప్పలేడు. నెలల తరబడి నడుం కింద, పిరుదుల లోపల, ఓసారి కుడిపక్క, ఓసారి ఎడమపక్క పీకుతూ ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో ఆ నొప్పే లేపేస్తుంది. ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. లేచాక అరగంట, ఒక్కోసారి గంట దాకా నడుం వంగదు, చెప్పులు తొడుక్కోవడానికి గోడ ఆసరా కావాలి. కాలవ గట్టు మీద కాస్త తిరిగితే సడలుతుంది. పదింటికల్లా మామూలు మనిషి. పగలంతా తిరుగుతున్నవాడికి రాత్రి నొప్పేమిటని ఇంట్లోవాళ్ళకి అనుమానం. బద్ధకమనేవాళ్ళూ ఉంటారు.

డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు ఆ కుర్రాడు చెప్పేది ఇదే: "ఆయ్, పనిలోకి దిగితే బాగానే ఉంటాదండి. పడుకుంటేనే పట్టేత్తాదండి." ఆ రెండు ముక్కల్లోనే సగం రోగనిర్ధారణ ఉంది. వినే డాక్టరు అక్కడ ఆగాలి. నలభై ఐదేళ్ళ లోపు మొదలై, మూడు నెలలు దాటి, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నొప్పి అరుగుదల వల్ల వచ్చేది కాకపోవచ్చు. శరీరంలోని రక్షణ వ్యవస్థే వెన్నెముక మీద దాడికి దిగి రాజేసిన వాపు కావచ్చు.

ఈ జబ్బును వైద్యులు యాక్సియల్ స్పాండిలో ఆర్థరైటిస్ అంటారు. ముదిరి ఎక్స్‌రేలో కనబడే దశకు పాత పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వాపు సాధారణంగా వెన్ను అడుగున మొదలవుతుంది. వెన్నెముక కింది భాగమైన త్రికాస్థి రెండు పక్కలా తుంటి ఎముకలతో కలుస్తుంది. అక్కడుండే సాక్రోఇలియాక్ కీళ్ళే దాని తొలి చోటు. తర్వాత పైకి పాకుతుంది. ఏళ్ళ తరబడి వాపు రగిలి ఆరి, మళ్ళీ రగిలే క్రమంలో శరీరం అక్కడ కొత్త ఎముక పోస్తుంది. కొందరిలో వెన్నుపూసల మధ్య ఈ కొత్త ఎముక వంతెన కట్టి, పూసలన్నీ ఒకటై, ఎక్స్‌రేలో కణుపులున్న వెదురుగడలా కనిపిస్తాయి. అప్పటికి మనిషి ముందుకు వంగిపోతాడు. తల ఎత్తి ఎదుటివాడి మొహం చూడలేడు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ విచ్చుకోదు.

అందరికీ ఇంత దూరం రాదు. రాకుండా చూసుకునే అవకాశం మన తాతల కాలంలో లేదు, ఇప్పుడుంది. అది దక్కాలంటే జబ్బును మొదట్లోనే పట్టుకోవాలి. అక్కడే మనం చాలా వెనకబడి ఉన్నాం. ఢిల్లీలో ఈ రోగుల మీద జరిగి 2009లో అచ్చయిన ఒక పరిశీలనలో మొదటి లక్షణానికీ సరైన నిర్ధారణకూ మధ్య సగటున ఏడేళ్ళ దాకా గడిచింది. ఇతర దేశాల లెక్కలూ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. ఏడేళ్ళంటే ఒక కుర్రాడి చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఆ నొప్పిలోనే గడిచిపోవడం.

ఇంత ఆలస్యానికి కారణాలున్నాయి. ఎక్స్‌రేలో మార్పు కనబడటానికే ఏళ్ళు పడుతుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట విని తిరిగొచ్చిన వాళ్ళలో ఈ జబ్బున్నవాళ్ళు ఎందరో. ఎముక లోపల మజ్జలో ఊరిన వాపు ఎమ్మారైలో, కొవ్వు సంకేతాన్ని అణచి తీసే చిత్రాల్లో, కీలు అంచున తెల్లటి మచ్చగా చాలా ముందే తేలుతుంది. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ ఎమ్మారై ఆనవాలును వర్గీకరణ ప్రమాణాల్లోకి తీసుకుంది. రెండో కారణం, ఈ జబ్బు ఒక్క నడుంలోనే ఉండదు. మడమ వెనక నొప్పి వస్తుంది, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తారు. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతారు, కంటి ఆసుపత్రికి వెళ్తారు. కాలి వేలు ఒకటి మొత్తం వాచిపోతుంది. కొందరికి సోరియాసిస్ పొలుసులు, కొందరికి పేగుపూత. ఒక్కో చోట ఒక్కో మందు రాస్తారు. ఇవన్నీ ఒకే మనిషివి, ఒకే జబ్బువి అని కలిపి చూసేవాళ్ళు ఉండరు.

ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. ఇది మగవాళ్ళ జబ్బని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఎక్స్‌రేలో కనబడే దశనే లెక్కలోకి తీసుకుంటే మగవాళ్ళే ఎక్కువ. ఎక్స్‌రేకు అందని తొలిదశలో ఆడా మగా దాదాపు సమానంగా ఉంటారని ఇప్పుడు తెలుసు. కాన్పు తర్వాత వచ్చిన నడుం నొప్పనో, రక్తహీనతనో చెప్పి పంపించేసిన స్త్రీలలో కొందరికైనా ఈ పరీక్ష జరగవలసింది.

కీళ్ళ జబ్బులన్నిటినీ మనం వాతం కింద జమ కట్టేస్తాం. పాశ్చాత్య వైద్యం చేసిన పనీ చాలాకాలం అదే. ఇంగ్లండులోని లీడ్స్‌లో మోల్, రైట్, వాళ్ళ సహచరులు 1974లో ఈ జబ్బుల్ని ఒక కుటుంబంగా విడదీసి చూపించారు. వేళ్ళ కణుపులు, మణికట్లు రెండు పక్కలా సమానంగా వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. వెన్నునూ కాళ్ళ కీళ్ళనూ పట్టుకునే ఈ కుటుంబం వేరు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్ష వీళ్ళలో సాధారణంగా నెగెటివ్ వస్తుంది. "ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదు కాబట్టి కీళ్ళ జబ్బు లేదు" అనుకోవడం ఇప్పటికీ జరుగుతున్న పొరపాటు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. అదే చికున్‌గున్యా. 1965లోనే విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలో అది ప్రబలింది. మూడు దశాబ్దాలకు పైగా కనబడకుండా పోయి 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలెత్తింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం నాలుగు రోజుల్లో పోయినా కొందరికి కీళ్ళ నొప్పులు నెలల తరబడి, ఏళ్ళ తరబడి మిగిలిపోయాయి. చూడ్డానికి అచ్చం రుమటాయిడ్‌లాగే ఉంటాయి. దాంతో ఏ కీళ్ళ నొప్పయినా "అప్పటి జ్వరం తాలూకు" అనే అలవాటు ఊళ్ళలో పాతుకుపోయింది. చికున్‌గున్యా వెన్నుపూసల్ని అతికించదు. తెల్లవారుజామున లేపే నడుం నొప్పిని ఆ ఖాతాలో వేస్తే మరో రెండేళ్ళు పోయినట్టే.

ఇంతకీ వెన్నుకే ఎందుకు? పరిశోధన యాభై ఏళ్ళుగా తిరుగుతున్నది ఈ ప్రశ్న చుట్టూనే. మొదటి ఆధారం 1973లో ఒకేసారి రెండు చోట్ల దొరికింది. లండన్‌లో డెరిక్ బ్రూవర్టన్ బృందం, లాస్ ఏంజెలెస్‌లో ష్లోస్టైన్, టెరసాకీల బృందం ఈ రోగుల రక్తంలో హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే గుర్తు ఉందేమో చూశాయి. లండన్‌లో 75 మంది రోగుల్లో 72 మందికి ఉంది. జబ్బు లేని 75 మందిలో ముగ్గురికే ఉంది. ఒక జబ్బుకూ ఒక హెచ్‌ఎల్‌ఏ గుర్తుకూ ఇంత గట్టి ముడి అంతవరకు వైద్యంలో దాదాపు ఎరగనిది.

హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లు ఒంట్లోని దాదాపు ప్రతి కణం ఉపరితలం మీదా ఉండి, లోపలి ప్రొటీన్ ముక్కల్ని బయట గస్తీ తిరిగే టీ కణాలకు చూపిస్తుంటాయి. ముక్క పరాయిదైతే ఆ కణాన్ని చంపాలి. వైరస్ సోకిన కణాలు దొరికిపోయేది ఇలాగే. బీ27 ఈ ప్రొటీన్లలో ఒక రకం. ఉత్తర ఐరోపాలో నూటికి ఎనిమిది మందికి, కెనడా తీరంలోని హైదా తెగలో దాదాపు సగం మందికి ఉంటుంది. జపాన్‌లో నూటికి ఒకరికి కూడా ఉండదు. జబ్బు పంపిణీ కూడా చాలావరకు దీన్నే అనుసరిస్తుంది.

బీ27 ఉన్నవాళ్ళలో ఈ జబ్బు వచ్చేది మహా అయితే నూటికి ఐదుగురికి. మిగతా తొంభై ఐదు మంది దాంతోనే హాయిగా బతికేస్తారు. కాబట్టి నొప్పి తీరు చూడకుండా ముందు రక్తపరీక్ష రాయడం, పాజిటివ్ రాగానే పెళ్ళి సంబంధం మానుకునేంత భయం పెట్టడం రెండూ తప్పే. లక్షణాలు ఉన్నవాళ్ళలోనే ఆ పరీక్షకు విలువ.

జన్యువు ఉన్నా జబ్బు రాని వాళ్ళు అంతమంది ఉన్నారంటే ఇంకేదో కూడా కావాలి. ఆ ఇంకేదో పేగులో ఉండొచ్చని ఎలుకలు చెప్పాయి. డాలస్‌లో జోయెల్ టౌరాగ్ బృందం మనిషి బీ27 జన్యువును ఎలుకల్లో పెట్టినప్పుడు వాటికి పేగు వాపు, కీళ్ళ వాపు రెండూ వచ్చాయి. అవే ఎలుకల్ని పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ సోకని గదుల్లో పెంచితే ఆ రెండూ రాలేదు. ఈ ఫలితం 1994లో అచ్చయింది. దానికి ముందే బెల్జియంలోని గెంట్‌లో మీలాంట్స్, వేస్ ఇంకో వైపు నుంచి ఇక్కడికే వచ్చారు. పేగు బాధేమీ లేదని చెప్పిన ఈ జబ్బు రోగులకు ఎండోస్కోపీ చేసి పేగు ముక్క సూక్ష్మదర్శినిలో చూస్తే సగానికి పైగా మందిలో వాపు కనబడింది. నొప్పి నడుంలో, నిప్పు పేగులో కూడా.

మూడో దారి మడమ దగ్గర మొదలవుతుంది. స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడులాంటి పోగు, ఎముకలోకి దిగే చోటును ఎంథెసిస్ అంటారు. మడమ వెనక వేలితో నొక్కి చూడండి, పిక్క కండరం స్నాయువు ఎముకను పట్టుకున్న చోటు తగులుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ శరీర భారమంతా సాగే పోగు నుంచి గట్టి ఎముకకు మారేది ఆ కొద్ది జాగాలోనే. ఇలాంటి చోట్లు వెన్నెముక పొడవునా ఉన్నాయి. రుమటాయిడ్ కీలు లోపలి పొరలో మొదలైతే, వెన్ను జబ్బు ఈ అతుకుల దగ్గర మొదలవుతుందని 1998లో లీడ్స్ వైద్యుడు డెనిస్ మెక్‌గొనాగల్ వాదించాడు. 2014లో గెంట్ పరిశోధకులు దానికి మంచి ఆధారం చూపారు. ఈ జబ్బు వచ్చేలా మార్చిన ఎలుకల వెనక కాళ్ళు నేలకు ఆనకుండా తోకతో ఎత్తి ఉంచితే, వాటి మడమల్లో వాపు రాలేదు. భారం పడిన చోటే వాపు.

ఇది చదివి ఎవరూ మంచం ఎక్కకూడదు. వాపు ఎక్కడ పుడుతుందో ఆ ఎలుకలు చెప్పాయి. జబ్బు ఉన్న మనిషి ఎలా బతకాలో చెప్పలేదు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో క్రమం తప్పని వ్యాయామం నొప్పినీ బిగుతునూ తగ్గించింది. పడుకోబెడితే వెన్ను వంగిన చోటే బిగుసుకుంటుంది.

ఇక మందుల దగ్గరికి వస్తే, ఆ కథ మనకు చాలా దగ్గరిది. అల్లవరం నుంచి పడమరగా వైనతేయ, వశిష్ఠ పాయలు దాటితే భీమవరం. 1895 జనవరి 12న ఎల్లాప్రగడ సుబ్బారావు అక్కడే పుట్టారు. రాజమండ్రిలో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం నేర్చి, తర్వాత బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి ఆసరాతోనే 1929లో వాళ్ళిద్దరూ కండరంలో ఏటీపీని, అంటే ప్రతి కణానికీ శక్తినిచ్చే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా దాన్ని కనిపెట్టాడు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ దగ్గరి లెడర్లే కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళారు. అక్కడ ఆయన నడిపిన బృందం నుంచి వచ్చిన మందుల్లో రెండు కోనసీమ గడపగడపకూ చేరాయి. ఒకటి బోదకాలు మాత్రగా ఊరూరా మింగించిన డైఇథైల్ కార్బమజైన్. రెండోది గర్భిణులందరికీ ఇచ్చే ఫోలిక్ యాసిడ్, దాన్ని కృత్రిమంగా తయారుచేసే దారి వేసింది ఆ బృందమే.

ఫోలిక్ యాసిడ్ దొరికాక దాని వేషం వేసుకుని కణాన్ని మోసం చేసే పదార్థాలను కూడా అక్కడే తయారుచేశారు. ఫోలిక్ యాసిడ్ లేకుండా కణం విభజన చెందలేదు. దాని స్థానంలో నకిలీ వస్తే విభజన ఆగుతుంది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు చికిత్స చేసి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి ఇంకో నకిలీ పేరు అమెథాప్టెరిన్. ఈనాటి మెథోట్రెక్సేట్ అదే.

1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ను రుమటాయిడ్ రోగులకు కొద్ది మోతాదులో ఇచ్చి చూశాడు. కీళ్ళ వాపు తగ్గింది. సోరియాసిస్ పొలుసులు కూడా రాలిపోయాయి. అయితే అప్పటికి లోకమంతా కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మైకంలో ఉంది. మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరులో మంచం పట్టిన రోగిని స్టెరాయిడ్‌తో లేపి నడిపించాడు, 1950లో నోబెల్ అందుకున్నాడు. ఒక విషపు మందును కీళ్ళకు ఎవరు వాడతారు? కీళ్ళ వైద్యంలో మెథోట్రెక్సేట్ మూలన పడింది. స్టెరాయిడ్ తెచ్చే కీడు అందరికీ తెలిసొచ్చాక, 1985లో మైకేల్ వైన్‌బ్లాట్ తదితరులు వారానికి ఒక్కసారి చిన్న మోతాదుతో చేసిన పరీక్షలు దాని విలువ నిరూపించాయి. 1988లో అమెరికా ఔషధ సంస్థ రుమటాయిడ్‌కు అనుమతించింది. గబ్నర్ నుంచి ఇక్కడికి 37 ఏళ్ళు. అన్నేళ్ళపాటు ఎందరి వేళ్ళు వంకర్లు పోయాయో తలుచుకుంటే బాధ వేస్తుంది.

అంతకన్నా విచిత్రమైన సంగతి తర్వాత తెలిసింది. కీళ్ళ జబ్బులో ఈ మందు పనిచేసేది కణవిభజన ఆపడం వల్ల మాత్రమే కాదు. 1990లలో న్యూయార్క్‌లో బ్రూస్ క్రోన్‌స్టైన్ బృందం చూపించిన ప్రకారం, చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ కణాల బయట అడినోసిన్ మట్టాన్ని పెంచుతుంది. ఆ అడినోసిన్ వాపును చల్లారుస్తుంది. సుబ్బారావు కండరంలోంచి వేరు చేసిన అణువుకు వెన్నెముకగా ఉన్నది అదే అడినోసిన్. ఆయనకు తన రెండు పనులూ ఒక రోగి కీలు దగ్గర కలుస్తాయని తెలిసే అవకాశమే లేదు.

ఈ మందు వాడే ఇళ్ళలో అందరికీ తెలిసి ఉండాల్సింది ఒకటుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. సోమవారమంటే సోమవారమే. పక్కన ఇచ్చే ఫోలిక్ యాసిడ్ వేరే రోజుల్లో. చిన్న మాత్రలు రెండూ చూడ్డానికి ఒకలాగే ఉండి, చీటీ చదవలేని ముసలమ్మ మొదటిదాన్ని రోజూ మింగేస్తే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. చీటీ మీద వారం పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయడం మందుల షాపువాళ్ళు చేయగల గొప్ప సాయం. గర్భం రావాలనుకునే వాళ్ళు డాక్టరుకు ముందే చెప్పి ఈ మందు ఆపించుకోవాలి.

ఇంత మంచి మందు వెన్ను దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది. బెర్లిన్‌లో హైబెల్, సీపర్ బృందం 20 మంది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ రోగులకు వారానికి 20 మిల్లీగ్రాముల దాకా ఇంజెక్షన్ రూపంలో పదహారు వారాలు ఇచ్చి చూసింది. వెన్ను నొప్పి, బిగుతు తగ్గలేదని 2007లో ప్రకటించింది. సల్ఫాసలజీన్ అనే మరో కీళ్ళ మందుదీ అదే తీరు. మోకాళ్ళు, చీలమండలు వాచిన వాళ్ళకు పనికొస్తుంది, వెన్నుకు కాదు. ఎక్కువకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడటాన్ని కూడా మార్గదర్శకాలు వద్దంటాయి. ఊళ్ళలో నడుం నొప్పికి పేరు చెప్పకుండా ఇచ్చే పొట్లాల్లో, ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉంటే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఎముకలు బోలుబడటం, షుగర్ రావడం మిగులుతాయి. వెన్నులో వాపుకు మొదటి మందు ఇప్పటికీ నొప్పి తగ్గించే మామూలు బిళ్ళలే. నాలుగు రోజులు వేసుకుని మానేయడం కాకుండా పూర్తి మోతాదులో, కొన్ని వారాలు క్రమంగా, కడుపునూ కిడ్నీలనూ గమనిస్తూ వాడాలి. చాలామందికి వాటితోనూ వ్యాయామంతోనూ సరిపోతుంది.

సరిపోని వాళ్ళకు దారి లండన్ నుంచి వచ్చింది. చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ రుమటాయిడ్ కీలులో వాపును నడిపే సంకేతాల్లో టీఎన్ఎఫ్ అనేదే పెద్దదని తేల్చారు. దాన్ని పట్టి బంధించే యాంటీబాడీని 1992లో తొలిసారి రోగులకు ఎక్కించారు. ఏళ్ళ తరబడి మెట్లు ఎక్కలేనివాళ్ళు కొద్ది రోజుల్లో ఎక్కారు. జర్మనీలో యూర్గెన్ బ్రౌన్ బృందం ఆ యాంటీబాడీనే, అంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌నే, వెన్ను రోగులకు ఇచ్చి 2002లో ఫలితాలు ప్రకటించింది. మందు పుచ్చుకున్న వాళ్ళలో 53 శాతం మందికి జబ్బు తీవ్రత సగానికి సగం తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 9 శాతానికే తగ్గింది. మెథోట్రెక్సేట్ కదిలించలేని చోటును కదిలించిన మొదటి మందు ఇది.

మన దేశంలో దీనికి ముందు ఒక గడప దాటాలి. క్షయ క్రిములు ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న మనుషులు మన దగ్గర ఎక్కువ. వాటి చుట్టూ కణాల గోడ కట్టి నిలబెట్టే సంకేతాల్లో టీఎన్ఎఫ్ ఒకటి. దాన్ని బంధిస్తే ఆ గోడ కూలవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తర్వాత క్షయ తిరగబెట్టిన 70 కేసుల్ని 2001లోనే అమెరికా వైద్యులు లెక్కించారు. అందుకే ఈ ఇంజెక్షన్ రాసే ముందు ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీదో రక్తంలోనో క్షయ పరీక్ష తప్పదు. నిద్రాణ క్షయ తేలితే ముందు దానికి మందు వాడాలి. తొందరపడి ఈ మెట్టు దాటేయమని అడగొద్దు.

తర్వాతి అధ్యాయం పరిశోధకుల్ని నివ్వెరపరిచింది. జన్యు పరిశీలనలు ఐఎల్-23 అనే సంకేతం వైపు వేలు చూపాయి. దాన్ని ఆపే మందులు సోరియాసిస్‌లో అద్భుతంగా పనిచేశాయి, సోరియాసిస్‌తో వచ్చే కీళ్ళ వాపులోనూ పనిచేశాయి. వెన్నులో మాత్రం 2018, 2019లో వెలువడిన పరీక్షల్లో ఓడిపోయాయి. దాని కింది మెట్టు అయిన ఐఎల్-17ను ఆపే సెక్యుకినుమాబ్ వెన్నులో బాగా పనిచేసి 2016 జనవరిలో అమెరికాలో అనుమతి పొందింది. వెన్నుపూసల అతుకుల దగ్గర కాపురం ఉండే కొన్ని కణాలు ఐఎల్-23 ఆజ్ఞ లేకుండానే ఐఎల్-17ను పుట్టించగలవని లీడ్స్ పరిశోధనలు చూపాయి. ఒకే కుటుంబపు జబ్బు, ఒకే మనిషి ఒంట్లో, వెన్నులో ఒక దారిన, మోకాలిలో ఇంకో దారిన నడుస్తోంది. అందుకే పక్కింటాయన కీళ్ళకు పనిచేసిన మందు మన నడుంకు పనిచేస్తుందన్న భరోసా లేదు. డాక్టరు చీటీ అరువు తెచ్చుకోవడం ఇక్కడ మరీ ప్రమాదం.

ధర పెద్ద అడ్డు. కొంత సడలుతోంది. రుమటాయిడ్‌కు వాడే రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు సరితూగే నకలును, హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది. వెన్నుకు వాడే అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను 2014 డిసెంబరులో మన జైడస్ విడుదల చేసింది. ఇంజెక్షన్ అక్కర్లేని టోఫాసిటినిబ్ మాత్రకు 2021 డిసెంబరులో అమెరికా వెన్ను జబ్బుకు కూడా అనుమతి ఇచ్చింది, దాని జెనెరిక్ రకాలు మన మార్కెట్లో ఉన్నాయి. ఐనా కూలి చేసుకునే ఇంటికి నెలనెలా ఇది భారమే. అందుకే కాకినాడ ప్రభుత్వాసుపత్రి లాంటి చోట కీళ్ళవాపు జబ్బులకు ప్రత్యేక వైద్యులు, మందులు ఉండటం మనం గట్టిగా అడగాల్సిన విషయం. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. కోనసీమ కుర్రాడు అంత దూరం పోకముందే, అమలాపురంలోనే అనుమానం రావాలి.

ఖర్చు లేని చికిత్స ఒకటి అందరి చేతిలోనూ ఉంది. పొద్దున్నే వేణ్ణీళ్ళ స్నానం, వెన్ను వెనక్కి వంచే వ్యాయామాలు, గోడకు మడమలు, వీపు, తల ఆనించి నిలబడటం, లోతుగా ఊపిరి పీల్చి ఛాతీ విప్పడం, పల్చటి తలగడ, రోజూ కొంతసేపు బోర్లా పడుకోవడం. ఈత వచ్చినవాళ్ళకు ఈతను మించింది లేదు, ఈత నేర్చిన పిల్లలకు కోనసీమలో కొదవ లేదు. బీడీ, సిగరెట్ మానాలి. పొగ తాగేవాళ్ళలో వెన్నుపూసల మధ్య కొత్త ఎముక తొందరగా పెరుగుతుందని బెర్లిన్ పరిశీలనలు తేల్చాయి.

యాభై ఏళ్ళనాటి బీ27 చిక్కుముడి ఇప్పుడిప్పుడే విడుతోంది. బీ27 ఏ ముక్కను చూపిస్తే టీ కణాలు రెచ్చిపోతున్నాయో 2022 డిసెంబరులో ఒక అంతర్జాతీయ బృందం కొంతవరకు పట్టుకుంది. రోగుల కీళ్ళలో, కళ్ళలో దొరికిన ఒక ప్రత్యేక జాతి టీ కణాలు ఇటు సూక్ష్మజీవుల ముక్కల్నీ అటు సొంత శరీరపు ముక్కల్నీ ఒకేలా గుర్తిస్తున్నాయి. పేగు, కన్ను, వెన్ను ఒక తాటిమీదికి వస్తున్నాయి. ఆ జాతి టీ కణాల్ని మాత్రమే తొలగించి మిగతా రక్షణ వ్యవస్థను ముట్టుకోని యాంటీబాడీని రష్యా పరిశోధకులు తయారుచేశారు. ఒక రోగి దాంతో టీఎన్ఎఫ్ ఇంజెక్షన్ల అవసరమే లేకుండా ఏళ్ళ తరబడి ఉపశమనంలో ఉన్నాడని 2023లో రాశారు. 2024లో ఆ దేశం దానికి అనుమతి ఇచ్చింది. ఇతర దేశాల్లో, పెద్ద సంఖ్యలో రోగుల మీద అది నిలబడాలి. నిలబడితే వాపును మొత్తంగా అణచడం బదులు దాన్ని రాజేసే కొద్దిపాటి కణాల్నే ఏరి తీసేయడం సాధ్యమవుతుంది, క్షయ భయమూ తగ్గుతుంది. ఆ మందు మన ఊళ్ళకు ఎప్పుడొచ్చినా, వెన్నుపూసలు అతుక్కోకముందే మొదలుపెట్టిన వాళ్ళకే దాని పూర్తి ఫలితం.